ధౌలా కువాన్‌లో ఉంటూ జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి?

ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో పెద్దాసుపత్రి ఎక్కడ అని అడిగితే ఎవరైనా సైన్యం ఆసుపత్రినే చూపిస్తారు. దాని పేరు ఆర్మీ హాస్పిటల్ రీసెర్చ్ అండ్ రిఫరల్. దేశంలోని సైనిక ఆసుపత్రులన్నిటి నుంచీ కష్టమైన కేసులు ఇక్కడికే వస్తాయి. కాస్త అవతల, కంటోన్మెంటులో బేస్ హాస్పిటల్ ఉంది. అదీ పెద్దదే. కానీ ఆ రెండూ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు, మాజీ సైనికులకు ఉద్దేశించినవి. అనంతపురం నుంచి వచ్చి సత్య నికేతన్‌లో గది తీసుకున్న విద్యార్థికి జ్వరం వస్తే అక్కడ ఓపీ చీటీ రాయరు. ఆసుపత్రి కూతవేటు దూరంలో ఉన్నా అతనికి పనికిరాదు.

ఢిల్లీకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఇదే. దగ్గరున్న ఆసుపత్రి వేరు. తమకు ప్రవేశం ఉన్న ఆసుపత్రి వేరు. ఈ తేడా జబ్బు పడకముందే తెలిసి ఉండాలి. ఒంట్లో బాగాలేనప్పుడు, భాష సరిగ్గా రానప్పుడు, అర్ధరాత్రి వాకబు చేయడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

ఈ ప్రాంతంలో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఇక్కడే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి పిల్లలు అక్కడ చదువుకోవడానికి వస్తారు. కంటోన్మెంటులో తెలుగు జవాన్ల కుటుంబాలు ఉంటాయి. మోతీబాగ్, రామకృష్ణపురం క్వార్టర్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఉంటారు. భవన నిర్మాణానికి, కాపలా పనికి వచ్చినవాళ్లూ ఉంటారు. ఊరొకటే అయినా వీళ్లందరికీ వైద్యం ఒకేచోట దొరకదు. ఎవరికి ఎక్కడ దొరుకుతుందో వాళ్ల ఉద్యోగాన్ని బట్టి, కార్డును బట్టి ఉంటుంది.

జవాను కుటుంబానికి సైనిక ఆసుపత్రులున్నాయి. పదవీ విరమణ చేసిన సైనికుడికి ఈసీహెచ్ఎస్ అనే పథకం ఉంది. అది 2003లో మొదలైంది. ఆ కార్డున్నవాళ్లు ముందు పాలీక్లినిక్‌కు వెళ్లాలి. పెద్ద ఆసుపత్రికి అక్కడి నుంచే రాసిస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి, పింఛనుదారుకు సీజీహెచ్ఎస్ ఉంది. ఆ పథకం 1954లో పుట్టింది కూడా ఢిల్లీలోనే. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో బదిలీ మీద వచ్చిన ఉద్యోగి చేయాల్సిందల్లా కార్డును ఇక్కడి వెల్‌నెస్ కేంద్రానికి మార్పించుకోవడమే. సామాన్లు సర్దుకునే హడావుడిలో చాలామంది ఈ పని వాయిదా వేస్తారు. క్వార్టరు తాళాలు చేతికి వచ్చిన వారంలోనే దీన్ని ముగించుకోవడం మంచిది.

నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో కంపెనీలోనో, దుకాణంలోనో, సెక్యూరిటీ ఏజెన్సీలోనో పనిచేసేవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. ఢిల్లీలో ఈ పథకానికి పాత చరిత్ర ఉంది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరుతో పాటు ఢిల్లీలోనే ఇది మొదట అమలైంది. ఉద్యోగి జీతంలోంచి నూటికి 75 పైసలు కోస్తారు. యజమాని నూటికి మూడు రూపాయల పావలా కడతాడు. దీనికి బదులుగా కార్మికుడికి, అతని కుటుంబానికి వైద్యం అందుతుంది. జబ్బుతో పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 70 శాతం చేతికొస్తుంది. అలా ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. దానికి ముందు కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి. వైద్యానికి మాత్రం అంతకాలం ఆగక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఈఎస్ఐ నంబరు ఊరు మారినా మారదు. గుంటూరులో ఇచ్చిన నంబరే ఢిల్లీలోనూ పనికొస్తుంది. మార్చుకోవాల్సింది డిస్పెన్సరీని మాత్రమే. పాత ఊరి డిస్పెన్సరీ పేరే రికార్డులో ఉండిపోతే ఇక్కడ మందులకు ఇబ్బంది పడాలి. కొత్త యజమాని కొత్త నంబరు తీస్తానంటే ఒప్పుకోకూడదు. పాత నంబరే ఇవ్వాలి. లేకపోతే ఇదివరకు కట్టిన చందాల లెక్క ఒకచోట, కొత్త లెక్క ఇంకోచోట పడుతుంది.

ఏ పథకమూ లేనివాళ్లు దిగులు పడాల్సిన పని లేదు. సామాన్య ప్రభుత్వాసుపత్రి అందరిదీ. ధౌలా కువాన్‌కు దగ్గరలో మోతీబాగ్‌లో చరక్ పాలికా ఆసుపత్రి ఉంది. దాన్ని న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ నడుపుతుంది. సైనికులు కాని పౌరుల కోసం కంటోన్మెంట్ బోర్డు కూడా ఒక జనరల్ ఆసుపత్రి నడుపుతుంది. ఇంకాస్త దూరం వెళ్తే సఫ్దర్‌జంగ్, ఎయిమ్స్ వస్తాయి. ఆ రెండింటికీ మధ్య ఉన్నది అరబిందో మార్గ్, ఒక్క రోడ్డు.

దారి తెలుసుకోవడం తేలికే. వేంకటేశ్వర కళాశాల పక్కనే పింక్ లైన్ మెట్రో స్టేషను ఉంది. దాని పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. ఆంధ్ర మహిళా సభను స్థాపించి, ఆడవాళ్ల చదువుకూ వైద్యానికీ జీవితం ధారపోసిన దుర్గాబాయి పేరది. అక్కడ రైలెక్కి ఒకవైపు వెళ్తే మొదట మోతీబాగ్, నాలుగో స్టేషను ఐఎన్ఏ. అక్కడ ఎల్లో లైన్‌కు మారితే తర్వాతి స్టేషనే ఎయిమ్స్. సఫ్దర్‌జంగ్‌కూ అక్కడే దిగాలి. రెండోవైపు వెళ్తే ఐదో స్టేషను ఈఎస్ఐ బసాయ్‌దారాపుర్. కార్మికుల పెద్దాసుపత్రి అక్కడే ఉంది. ధౌలా కువాన్ పేరుతో ఉన్న ఎయిర్‌పోర్ట్ లైన్ స్టేషను వేరు. అక్కడి నుంచి పింక్ లైన్‌కు పైవంతెన మీద కిలోమీటరు పైగా నడవాలి. ఒంట్లో ఓపిక లేని మనిషిని ఆ దారిన నడిపించకూడదు. ఆటోలో నేరుగా తీసుకెళ్లాలి.

సఫ్దర్‌జంగ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ సైనికుల కోసం కట్టిన ఆసుపత్రి. 1954లో కేంద్ర ఆరోగ్యశాఖ కిందికి వచ్చింది. ఈ రోజు అక్కడ ఓపీ ఎలా నడుస్తుందో తెలిసి వెళ్తే సగం అవస్థ తప్పుతుంది. తెల్లవారకముందే వరస మొదలవుతుంది. మొదటి వరస చీటీ కోసం. ఇక్కడ దాన్ని పర్చీ అంటారు. కౌంటరు దగ్గర అడిగేవి పేరు, వయసు, ఫోను నంబరు, ఏ విభాగం. ఈ చివరి ప్రశ్న దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. కడుపునొప్పి మెడిసిన్‌కు వెళ్తుందో సర్జరీకి వెళ్తుందో రోగికి ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు బాధ చెప్పాలి, విభాగం పేరు చెప్పకూడదు. పర్చీ మీద గది నంబరు వేస్తారు. ఆ గది ముందు రెండో వరస. డాక్టరు పరీక్షలు రాస్తే రక్తం ఇవ్వడానికి మూడో వరస. ఫలితాలు వచ్చాక మళ్లీ అదే విభాగానికి, ఆ డాక్టరు బృందం ఓపీ చూసే రోజునే వెళ్లాలి. వారంలో ఏ రోజో పర్చీ మీదే ఉంటుంది. ఆ రోజు కాక ఇంకో రోజు వెళ్తే వేరే డాక్టరు మొదటి నుంచీ అడుగుతారు.

డాక్టరు ముందు కూర్చునే సమయం చాలా తక్కువ. బయట వందలమంది ఉంటారు. హిందీ తడుముకుంటూ మాట్లాడితే ఆ కాస్త సమయమూ గడిచిపోతుంది. అందుకని ఇంటి దగ్గరే ఒక కాగితం మీద నాలుగు సంగతులు ఇంగ్లీషులో రాసుకుని వెళ్లాలి. బాధ ఏమిటి, ఎన్నాళ్ల నుంచి, ఇప్పుడు వాడుతున్న మందులేవి, ఏ మందు పడదు. ఊరి డాక్టరు రాసిన పాత చీటీలు కూడా ఉండాలి. ఖమ్మం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన తల్లికి బీపీ ఉందనుకుందాం. ఆమె వాడే మాత్ర పేరు ఎవరికీ గుర్తుండదు. తెల్ల మాత్ర, పొద్దున ఒకటి అంటే ఢిల్లీ డాక్టరుకు ఏమీ తెలియదు. ఖాళీ అయిన మాత్రల అట్ట ఒకటి సంచిలో ఉంటే చాలు.

ఎయిమ్స్ సంగతి కొంచెం వేరు. అక్కడ ఆన్‌లైన్‌లో ముందుగా తేదీ తీసుకోవచ్చు. ఓఆర్ఎస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ సదుపాయం ఉంది. ఒకప్పుడు కొత్త ఓపీ కార్డుకు పది రూపాయలు తీసుకునేవారు. 2022 నవంబరు నుంచి అదీ తీసేశారు. అలాగని జలుబుకీ దగ్గుకీ ఎయిమ్స్‌కు పోవడం సరి కాదు. అది దేశమంతటి నుంచీ గుండె జబ్బులతో, క్యాన్సర్లతో, మెదడు ఆపరేషన్లకు వచ్చేవాళ్లతో నిండి ఉంటుంది. చిన్న జబ్బుతో వెళ్లినవాళ్లకు రోజు పోతుంది. పెద్ద జబ్బుతో వచ్చినవాళ్లకు వరస పెరుగుతుంది.

ఢిల్లీలో ఇల్లు, ఓటు, ఆధార్‌లో ఢిల్లీ చిరునామా లేకపోతే ప్రభుత్వాసుపత్రిలో చూస్తారా అని చాలామందికి అనుమానం ఉంటుంది. చూస్తారు. ఈ విషయంలో న్యాయస్థానం తీర్పే ఉంది. 2018లో ఢిల్లీ ప్రభుత్వం గురు తేగ్ బహదూర్ ఆసుపత్రిలో ఎక్కువ పడకలు ఢిల్లీవాసులకే కేటాయించాలని చూసింది. ఆ సంవత్సరం అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఓటరు కార్డు చూసి వైద్యం చేయడం కుదరదని తేల్చింది. కాబట్టి చిరునామా నెల్లూరుదైనా, నిజామాబాదుదైనా ఓపీ చీటీకి అడ్డు కాదు. గుర్తింపు కార్డు ఏదో ఒకటి దగ్గర ఉంటే పని త్వరగా అవుతుంది, అంతే.

చిన్న జబ్బులకు ఇంటి దగ్గరి ప్రభుత్వ డిస్పెన్సరీ చాలు. విద్యార్థులు విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రం గురించి చేరిన మొదటి నెలలోనే కళాశాల ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. వీధి చివర ప్రైవేటు క్లినిక్ కూడా అవసరమే. మూడు రోజుల జ్వరానికి ఒక మంచి ఎంబీబీఎస్ డాక్టరు దొరికితే అదే అన్నిటికన్నా తేలికైన మార్గం. బోర్డు మీద డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. నంబరు లేకపోతే బయటికి వచ్చేయాలి. మందుల దుకాణంలో రోగం చెప్పి మందు తెచ్చుకునే అలవాటు మాత్రం ఢిల్లీలో మరీ ప్రమాదం. వానలు తగ్గాక, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇక్కడ డెంగీ కాలం. డెంగీలో కొన్ని నొప్పి మాత్రలు రక్తస్రావానికి దారితీస్తాయి. జ్వరం తగ్గిందనుకున్న రోజే కడుపునొప్పి, వాంతులు, నీరసం మొదలైతే ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఊరి నుంచి తెచ్చుకున్న కార్డుల సంగతి. తెలుగువాళ్లకు ఆరోగ్యశ్రీ బాగా తెలుసు. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా పాకింది. ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవగా, తెలంగాణలో ఆరోగ్యశ్రీగా నడుస్తోంది. ఆ నమ్మకంతో ఢిల్లీ ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు తీసి పెడితే చిక్కొస్తుంది. అది రాష్ట్రం తన డబ్బుతో, తన జాబితాలోని ఆసుపత్రులకే ఇచ్చే హామీ. దేశమంతా చెల్లేది కేంద్రం 2018 సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు భరిస్తారు. ఢిల్లీ ప్రభుత్వం ఈ పథకంలో చేరింది 2025 ఏప్రిల్‌లో.

తెలుగు రాష్ట్రాల్లో కార్డున్న కుటుంబాల్లో కొన్ని కేంద్రం జాబితాలో ఉంటాయి. మిగతావాటిని రాష్ట్రమే కలుపుకుంది. తమ కుటుంబం ఏ జాబితాలో ఉందో ముందే కనుక్కోవాలి. దానికి 14555 నంబరు ఉంది. ఫోను చేస్తే చెబుతారు. ఈ పని ఊళ్లో ఉండగానే చేసుకుని రైలెక్కడం ఇంకా మేలు.

70 ఏళ్లు నిండినవాళ్లకు మాత్రం ఈ జాబితాల గొడవ లేదు. 2024 అక్టోబరు 29 నుంచి ఆదాయంతో పని లేకుండా వాళ్లందరికీ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆధార్‌లో వయసు చూస్తారు. కొడుకు దగ్గర ఉందామని వచ్చిన అమ్మానాన్నలకు మొదట చేయించాల్సిన కార్డు ఇదే. సీజీహెచ్ఎస్ లాంటి ప్రభుత్వ పథకం ఉన్నవాళ్లు మాత్రం రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. ఒక్కటి మరిచిపోకూడదు. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రి పడకలో చేరితేనే పనిచేస్తుంది. ఓపీ ఫీజుకు, వీధి క్లినిక్‌కు పనికిరాదు.

ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది మొత్తం ఎంతవుతుందన్న అంచనా. అది కాగితం మీద ఉండాలి. గది, ఆపరేషను, మందులు విడివిడిగా రాయించుకోవాలి. బీమా ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి, గది అద్దె పరిమితి. ఒక ఉదాహరణ చూద్దాం. ఒకరికి 3 లక్షల పాలసీ ఉంది. గది అద్దె రోజుకు ఒక శాతం, అంటే 3,000 మించకూడదని అందులో ఉంది. ఆసుపత్రిలో 6,000 గది బాగుందని తీసుకున్నారు. పోయేది రోజుకు 3,000 అనుకుంటారు. కాదు. పరిమితికి రెట్టింపు గది తీసుకుంటే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చుల్లోనూ బీమా కంపెనీ సగమే ఇస్తుంది. ఆ పద్దు లక్షా 20 వేలైతే 60 వేలు చేతి నుంచి కట్టాలి. పాలసీ కాగితంలో ఈ ఒక్క వాక్యం చదవకపోవడం వల్ల అప్పుల పాలైన కుటుంబాలున్నాయి.

క్యాష్‌లెస్ అనుమతి కోసం రోగిని గంటల తరబడి బల్ల మీద ఉంచడం కూడా ఇప్పుడు నిబంధనలకు విరుద్ధం. బీమా నియంత్రణ సంస్థ 2024లో గడువు పెట్టింది. చేరేటప్పుడు గంటలో, ఇంటికి పంపేటప్పుడు మూడు గంటల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. ఇక పనిచేసే కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. ఉద్యోగం మారే మధ్యకాలంలో ఇంటిల్లిపాదికీ రక్షణ ఉండదు. సొంత పాలసీ చిన్నదైనా ఒకటి ఉండటం మంచిది. ఉన్న జబ్బులకు అందులో గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు. కాబట్టి బాగున్నప్పుడే తీసుకోవాలి.

డబ్బు లేనివాళ్లకు ఢిల్లీ ప్రైవేటు ఆసుపత్రుల్లో ఒక హక్కు ఉంది. చాలామందికి ఇది తెలియదు. ప్రభుత్వం నుంచి చౌకగా భూమి పొందిన ఆసుపత్రులు పేదలకు పడకల్లో 10 శాతం, ఓపీలో 25 శాతం ఉచితంగా ఇవ్వాలి. ఢిల్లీ హైకోర్టు 2007లో ఈ మాట చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మందులు, పరీక్షలు కూడా ఇందులోనే వస్తాయి. ఆ ఆసుపత్రుల్లో దీనికోసం ఒక అధికారి ఉంటారు. రిసెప్షన్‌లో ఈడబ్ల్యూఎస్ పడక అని పేరు పెట్టి అడగాలి. ఆదాయ పత్రం చూపాలి. ఇది ఎవరి దయా కాదు. చౌకగా తీసుకున్న భూమికి ఆసుపత్రి తీర్చాల్సిన బాకీ.

ఇంతవరకూ చెప్పిందంతా సమయం ఉన్నప్పటి మాట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కార్డులు, జాబితాలు అన్నీ పక్కన పెట్టాలి. అప్పుడు దగ్గరున్నదే తమ ఆసుపత్రి. ప్రైవేటుదైనా సరే. ఒకప్పుడు ఒక స్కూటరిస్టును కారు గుద్దితే దారినపోయేవాళ్లు దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పోలీసు కేసు కాబట్టి ఇక్కడ కుదరదని ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఆసుపత్రికి పంపారు. అతను దారిలోనే ప్రాణం వదిలాడు. ఆ వార్త చదివిన పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1989లో తీర్పు వచ్చింది. ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇదే ధర్మమని కోర్టు చెప్పింది. గాయపడినవాళ్లను తీసుకొచ్చిన మనిషి తన పేరు, ఊరు చెప్పాలని కూడా ఇప్పుడు ఎవరూ బలవంతం చేయకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే ఆ రక్షణ చేర్చారు.

తెలుగువాళ్ల నోట అంబులెన్సు అంటే 108. అది 2005లో హైదరాబాదులో పుట్టిన సేవ, అందుకే ఆ అలవాటు. ఢిల్లీ ప్రభుత్వ అంబులెన్సుకు నంబరు 102. ఆ సేవ పేరు క్యాట్స్. అది అందకపోతే 112. ఈ రెండు నంబర్లూ ఇంట్లో గోడ మీద రాసి ఉంచాలి. 102, 112. ఫోనులో చిరునామా చెప్పేటప్పుడు ఇంటి నంబరుతో ఆగిపోకూడదు. దగ్గరి మెట్రో స్టేషను, గుడి, పెట్రోలు బంకు ఏదో ఒక గుర్తు చెప్పాలి. ధౌలా కువాన్‌లో ఫ్లైఓవర్లు ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉంటాయి. ఏ రోడ్డు, ఏ వైపు అన్నది తప్పితే బండి మళ్లీ చుట్టి రావాలి. అందుకే రోడ్డు ఏ వైపు వెళ్తుందో కూడా చెప్పాలి. విమానాశ్రయం వైపా, నారాయణా వైపా, మోతీబాగ్ వైపా అని.

రోడ్డు ప్రమాదమైతే రింగ్ రోడ్డు మీద ఎయిమ్స్ వారి ట్రామా సెంటర్ ఉంది. ఒళ్లు కాలితే సఫ్దర్‌జంగ్‌లో పెద్ద విభాగమే ఉంది. కుక్క కరిస్తే ముందు గాయాన్ని సబ్బుతో పావుగంట సేపు పారే నీళ్ల కింద కడగాలి. పసుపు, సున్నం పెట్టకూడదు. ఆ తర్వాత అదే రోజు సఫ్దర్‌జంగ్‌కో, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రికో వెళ్లాలి. టీకా అక్కడ ఉచితం. మొదటి సూది వేయించుకుని బాగానే ఉందని మానేయకూడదు. చీటీ మీద రాసిన తేదీలన్నీ పూర్తి చేయాలి.

దగ్గరి ప్రైవేటు ఆసుపత్రిలో ప్రాణం నిలబడ్డాక ఖర్చు భరించలేని కుటుంబం రోగిని ప్రభుత్వాసుపత్రికి మార్చాలనుకోవచ్చు. ఆ హక్కు ఉంది. కానీ తొందరపడి బయలుదేరకూడదు. తీసుకెళ్లే చోట పడక, వెంటిలేటరు ఖాళీగా ఉన్నాయో లేదో ఇక్కడి డాక్టరే ఫోనులో మాట్లాడి కనుక్కోవాలని అడగాలి. ఏ మందు ఏ వేళకు ఇచ్చారో కాగితం మీద రాయించుకోవాలి. స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు వెంట తీసుకెళ్లాలి. అక్కడ వాటిని చూపిస్తే మళ్లీ చేయాల్సిన పరీక్షలు తగ్గుతాయి. ఆ హడావుడిలో కేసు కాగితాలు అందకపోతే తర్వాత రాతపూర్వకంగా అడగవచ్చు. వైద్య మండలి 2002 నాటి నిబంధనల ప్రకారం డాక్టర్లు అడిగిన 72 గంటల్లో వాటి నకళ్లు ఇవ్వాలి.